బేస్తవారం వంతు ఎవరిది?

కంప్యూటర్‌లో జాబితా తీసేటప్పుడు డిస్టింక్ట్ అనే ఒక్క మాట రాయమని ఉద్యోగంలో నన్ను చాలామంది అడిగారు. చాలాసార్లు రాశాను కూడా. ఒక్కసారి మాత్రం రాయనన్నాను. అక్కడ మొదలైన గొడవతో ఇద్దరు పెద్దమనుషులకు నా మీద కోపం వచ్చింది, నా కాంట్రాక్టు పొడిగింపు ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని రెండేళ్లయింది. ఆ రోజు చేసిన పనికి నాకు రవ్వంత పశ్చాత్తాపం కూడా లేదు. నేను పశ్చాత్తాపపడేది వేరే సంగతి గురించి. దాన్ని కూడా దాచను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలూ, మీ కోసమే ఇది రాస్తున్నాను. డేటాబేస్ అంటే తెలియని వాళ్లు కూడా భయపడకుండా చదవచ్చు. ఇందులో కంప్యూటర్ పని కొంచెమే.

హైదరాబాదులో ఇరవై ఏడేళ్లు డేటాబేసులతో పని చేశాను. దవాఖానలకు, గోదాములకు, బడులకు, ఎవరు పిలిస్తే వాళ్లకు. చివరికి మోకాళ్లు మెహదీపట్నం బస్సెక్కడానికి ఒప్పుకోకపోతే మా మొయినాబాద్‌లోనే ఒక ఉద్యోగం చూసుకున్నాను. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పూలు, కూరగాయలు పండించే రైతుల సంఘం అది. ఎరువుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఆఫీసు. కింది నుంచి పురుగుమందుల వాసన రోజంతా పైకి వస్తూనే ఉండేది. మొదటి వారం తలనొప్పితో చచ్చాను. రెండో వారానికి నా చీరలన్నీ అదే వాసన కొట్టడంతో ఇక తేడా తెలియలేదు.

ఆఫీసులో ముగ్గురమే లెక్క. నేను, మేనేజరు, ఊళ్లు తిరిగి వివరాలు రాసుకొచ్చే సర్వే అమ్మాయి. మేనేజరు నాకంటే పాతికేళ్లు చిన్నవాడు, మంచివాడే, కానీ ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. సర్వే అమ్మాయిది మా చర్చికే వచ్చే కుటుంబం, డిగ్రీ చదివింది. ఒక పాత స్కూటీ మీద రెండు మండలాలూ చుట్టేది. ఈ ముగ్గురికి తోడు సంఘం డైరెక్టరు ఒకాయన తరచూ వచ్చి కూర్చునేవాడు. ఊళ్లో పేరున్న కాపు, రాజకీయాల్లో తిరిగిన మనిషి. అందరూ పటేలా అని పిలిచేవాళ్లు, నేను కూడా.

ఒక ఏడాది చలికాలం చివర ఒక కంపెనీ వాళ్లు సంఘం సభ్యులకు డ్రిప్ సెట్లు ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చారు. ప్లాస్టిక్ పైపుల్లోంచి చెట్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు పడే ఏర్పాటు అది. ఒక్కో రైతు తోటకు ఒక్కో సెట్టు. వాళ్లు అడిగిందల్లా ఒక జాబితా. రైతు పేరు, తోట ఎన్ని గుంటల నేల, ఏ బోరు, వారానికి ఎన్ని రోజులు నీళ్లు అందుతాయి. ఎండలు ముదరక ముందే జాబితా ఇవ్వాలి, కింద నా సంతకం ఉండాలి. ఒకే పేరు రెండుసార్లు వచ్చినట్టు తేలితే మొత్తం సెట్లు వెనక్కి తీసుకుంటామని కాగితంలో రాశారు.

నా దగ్గర వివరాలన్నీ ఉన్నాయి. తోటల టేబుల్ ఒకటి, అందులో రైతు నంబరు, బోరు నంబరు. వంతుల టేబుల్ ఇంకొకటి, అందులో బోరు నంబరు, వారం పేరు, ఆ రోజు నీళ్లు ఎవరివో వాళ్ల నంబరు. రెండింటినీ బోరు నంబరు మీద కలిపాను. దీన్నే జాయిన్ అంటారు. రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకే నంబరున్న వరుసలను జత చేయడమే. ఇరవై ఏడేళ్లుగా చేస్తున్న పని కదా, టీ చల్లారేలోపు అయిపోయింది.

సంఘంలో సభ్యులు నాలుగు వందల పైచిలుకు. తెర మీద వచ్చిన వరుసలు రెండు వేలు దాటాయి. ఒక్కో మనిషి నాలుగుసార్లు, ఆరుసార్లు.

నేనేం చేశానో వినండి. నా క్వెరీ వంక, అంటే కంప్యూటర్‌ను నేను అడిగిన ప్రశ్న వంక, చూడలేదు. కుర్చీ తిప్పి సర్వే అమ్మాయి వంక చూశాను. మేనేజరు ఉన్నాడు, ఏదో పని మీద వచ్చిన ఇద్దరు రైతులు కూడా ఉన్నారు.

"ఏందమ్మా ఇది? ఒక్కొక్కల్లను ఆరేసి సార్లు ఎక్కించినవ్. ఊర్లు తిరిగి రాసినవా, ఇంట్ల కూసోని నింపినవా?"

"ఒక్కసారే రాసిన మేడం," అంది.

"మరి ఇవెక్కడికెళ్లి వచ్చినయ్? ఆకాశంల నుంచి పడ్డయా?"

ఆ అమ్మాయి తన రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని కిందికి వెళ్లి, దుకాణం పక్క నీడలో స్కూటీ మీద కూర్చుని తిన్నది. రోజూ నా బల్ల మీదే తినేది.

సాయంత్రానికి అసలు టేబుళ్లు విడివిడిగా తెరిచి చూశాను. తోటల టేబుల్‌లో ఒక్కో రైతు తోట ఒక్కసారే ఉంది. వంతుల టేబుల్‌లోనూ ఏ వంతూ రెండుసార్లు లేదు. విడిగా రెండూ శుభ్రంగా ఉన్నాయి, కలిపితేనే పెరుగుతున్నాయి. అంటే తప్పు రాసినదానిలో లేదు, నేను కలిపిన తీరులో ఉంది. ఆ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆ అమ్మాయికి మాత్రం చెప్పలేదు. సీనియర్‌ని కదా, నోరు రాలేదు. నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇప్పటికీ గుచ్చే సంగతి ఇదే.

మర్నాడు మేనేజరు నా వెనక నిలబడ్డాడు.

"ఫికర్ ఎందుకు మేడం? డిస్టింక్ట్ కొట్టుండ్రి, అయిపోతది."

అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటి ఉంచి మిగిలినవి దాచే మాట అది. కొట్టాను. ఒక్క వరుస కూడా తగ్గలేదు. ఎందుకంటే అవి ఒకేలా లేవు, ప్రతి వరుసలో వారం పేరు వేరే. సోమవారం, మంగళవారం, బేస్తవారం. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది, రాలేదు.

అంతలో డైరెక్టరు వచ్చి కూర్చున్నాడు. మేనేజరు ఆయనకు సంగతి వివరించి, తనకు తోచిన ఉపాయం కూడా చెప్పాడు. వారం పేరు తీసేసి, బోరుకు ఒక్క వరుసే వచ్చేట్టు చేద్దాం, కరెంటు కనెక్షను ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల పేరు వేద్దాం, దాని మీద డిస్టింక్ట్ కొడదాం, అని.

"గదే కరెక్టు," అన్నాడు డైరెక్టరు. "బోరొక్కటి, సెట్టొక్కటి. ఎక్కువ తక్కువలు ఇంట్ల మేం జూసుకుంటం గద."

మా బోర్ల టేబుల్‌లో కరెంటు కనెక్షన్లు ఎవరి పేర్ల మీద ఉన్నాయో ఒకసారి కిందికి జరుపుతూ చూశాను. పెద్దన్నలు, తండ్రులు, కొన్ని చోట్ల చనిపోయిన తాతలు. ఆడపేరు వెతకాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు న్యాయం, ధర్మం ఏమీ గుర్తు రాలేదు. నాకు అర్థం కానిదాన్ని నేను దాచనని మొండికేశాను, అంతే.

"రెండు దినాలియ్యుండ్రి పటేలా. ఇవి ఎందుకు పెరుగుతున్నయో చూసి చెప్త," అన్నాను.

"చూసుడేముంది మేడం? ఎక్కువున్నయ్ తీసేసుడే గద," అన్నాడాయన నవ్వుతూ.

బేస్తవారం పొద్దున సర్వే అమ్మాయి స్కూటీ వెనక ఎక్కి చిన్న మంగళారం ఊరు దాటి పోయాం.  నేను దారి పొడవునా గోడలు చూస్తూ కూర్చున్నాను. ఫాంహౌసుల ప్రహరీలు, పెద్ద పెద్ద గేట్లు, పెళ్లిళ్లు చేసే రిసార్టులు. రెండు ప్రహరీల మధ్య మట్టిబాట పట్టుకుని లోపలికి పోతే గులాబీ తోటలు వచ్చాయి. జాబితాలో ఆరుసార్లు వచ్చిన పేర్లలో ఒకటి నేను ఎంచుకున్నాను. అది ఒక ఆడమనిషి పేరు.

ఆమె స్టార్టర్ డబ్బా దగ్గరే ఉంది. నలభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ల ఫుల్ షర్టు, ముళ్లు గుచ్చుకోకుండా. పొద్దున్నే పూలు కోసి మార్కెట్టు బండికి ఎక్కించి, అప్పుడే నీళ్లు పెట్టింది.

"ఈ బోరు ఎవరిది?" అని అడిగాను.

"ఎవరిదంటే ఎట్ల చెప్పాలె మేడం? మా మామ ఏయించిండు. ముగ్గురు కొడుకులు. భూమంటె పంచుకున్నరు, బోరును పంచుకుంటరా? వంతులు వెట్టుకున్నరు. సోమారం, శుక్కురారం పెద్దాయినది. మంగళారం, శనారం నడిపాయినది. బేస్తారం, ఐతారం మాది."

"బుధవారం?"

"దానికి సెలవు."

"ఎవరికి?"

"బోరుకు. ఊట ఊరాలె గద."

సర్వే అమ్మాయి మొదటిసారి నవ్వింది, అది కూడా నేల వంక చూస్తూ.

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. మా బాపు బతికినంతకాలం వేరేవాళ్ల పొలాలకు నీళ్లు పారబెట్టాడు. ఏ రోజు ఎవరి మడికి మళ్లించాలో, ఏ ఇంటి వంతు ఎప్పుడు అయిపోతుందో ఆయనకు నోటికి వచ్చు. చిన్నప్పుడు అన్నం డబ్బా తీసుకుని నేను వెనకాల తిరిగేదాన్ని. ఆయన కూతుర్ని నేను, ఇరవై ఏడేళ్లు ఏసీ గదుల్లో కూర్చుని, వంతు కళ్ల ముందుకొస్తే దాన్ని డూప్లికేట్ అన్నాను. గట్టు మీద కూర్చుని బాగా సిగ్గుపడ్డాను.

లెక్క అక్కడే తేలిపోయింది. ముగ్గురికీ బోరు నంబరు ఒక్కటే. నేను బోరు నంబరు మీదే కలిపాను కాబట్టి, ఒక్కొక్కరి పక్కన ముగ్గురి వంతులూ వచ్చి చేరాయి. ముగ్గురు మనుషులు, ఆరు వంతులు, పద్దెనిమిది వరుసలు. పెద్దాయన శుక్రవారం ఈమె పేరు పక్కన, ఈమె బేస్తవారం పెద్దాయన పేరు పక్కన. కంప్యూటర్ తప్పేం చేయలేదు. ఎవరి వంతు వాళ్లకే జత చేయాలని నేను దానికి చెప్పలేదు.

"పెద్దాయన అంటే?" అని అడిగాను, ఎందుకో అనుమానం వచ్చి.

"మా బావ. మీ ఆఫీసుకు వస్తడు గద. డైరెక్టరు."

ఆమె భర్త చనిపోయి నాలుగేళ్లు. ఒక కూతురు ఇంటర్ చదువుతోంది. పోయిన ఎండాకాలం నీళ్లు సరిపోక సగం గులాబీ చెట్లు ఎండిపోయాయట. వాటి మోళ్లు ఇంకా సాళ్లలోనే ఉన్నాయి, పీకలేదు.

"ఈ ఏడు గుడ ఎండితే తోట తీసేసుడే మేడం. మా బావకు కౌలుకిచ్చి, నేను ఇదే తోటల కూలికి రావాలె. ఆయన అన్నడు గుడ, నీకెందుకు తిప్పలు, నాకిచ్చెయ్యి అని. డ్రిప్పు వస్తె నాకు ఉన్న రెండు దినాల నీళ్లే ఎక్కువ. వస్తది గద?"

"వస్తది. నీ పేరు జాబితాల ఉంటది. నాది పూచీ," అన్నాను.

ఇచ్చిన మాటతో వాపసు వచ్చి క్వెరీ తిరగరాశాను. ముందు ఒక్కో మనిషికి వారంలో ఎన్ని వంతులో లెక్కగట్టి, ఆ లెక్కను తోటలతో కలిపాను. ఈసారి బోరు నంబరు ఒక్కటే కాదు, రైతు నంబరు కూడా కలిస్తేనే జత. ఒక్కో పేరు ఒక్కసారే వచ్చింది. డిస్టింక్ట్ లేదు, దాచడం లేదు. మొత్తం సభ్యులకంటే పదకొండు వరుసలు తక్కువ వచ్చాయి. బోరు లేని సభ్యులు కొందరు ఉంటారు కదా, ఆ పదకొండు మంది వాళ్లే అయ్యుంటారు అనుకున్నాను. అనుకున్నాను గానీ, చూడలేదు. వరుసలు రెండు వేలు దాటితే మూడు రోజులు నిద్రాహారాలు మానినదాన్ని, పదకొండు తక్కువొస్తే కాళ్లు చాపుకుని టీ తాగాను.

జాబితా చదివే మీటింగు చేవెళ్లలో పెట్టారు, ఒక ఫంక్షన్ హాల్లో, పగటి పూట. కంపెనీ వాళ్లు ఇద్దరు వచ్చారు. పేర్లు చదవడం అయ్యాక నేను సంతకం పెడితే వాళ్లు కాగితాలు తీసుకుని పోతారు. హాలు నిండిపోయింది. మేనేజరు మైకులో ఊరు ఊరుగా పేర్లు చదివాడు. నేను స్టేజీ పక్క బల్ల దగ్గర లాప్‌టాప్‌తో, లోపల కొంచెం గర్వంతో కూర్చున్నాను. సర్వే అమ్మాయి గోడకు ఆనుకుని తన రిజిస్టరు పట్టుకుని నిలబడింది.

చదవడం పూర్తయ్యాక వెనక వరుసలో ఒకామె లేచి నిలబడింది. ఫుల్ షర్టు లేకపోవడంతో వెంటనే గుర్తుపట్టలేదు.

"నా పేరు రాలె," అంది.

నేను లాప్‌టాప్‌లో వెతికాను. లేదు. మళ్లీ వెతికాను. నా తప్పుడు జాబితాలో ఆరుసార్లు ఉన్న మనిషి, నా సరైన జాబితాలో ఒక్కసారి కూడా లేదు.

"ఒక్క పేరే గద మేడం, తర్వాత జూద్దాం," అన్నాడు మేనేజరు మైకు మూసి.

ముందు వరుసలోంచి డైరెక్టరు లేచాడు. "ఆమె మా ఇంటామెనే. బోరు నా పేరు మీద ఉన్నది, నాకు సెట్టు వచ్చింది. అండ్ల నుంచే ఆమెకింత పైపు ఇస్త. మీరు సంతకం పెట్టుండ్రి మేడం, ఆళ్లకు టైమైతున్నది."

ఆ మాటలో చెడు ఉద్దేశం ఉందని నేను ఇప్పటికీ అనను. కానీ ఆమె ముఖం చూశాను. తోట పోవడం ఎట్లా మొదలవుతుందో ఆ ముఖంలో కనబడింది. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాను.

"పెట్టను," అన్నాను.

"మేడం, ఇది మీటింగు," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి. "మనం ఆఫీసుల మాట్లాడుకుందాం. అందరు జూస్తున్నరు."

"చూడనియ్యి. పది నిమిషాలు ఎవ్వలు లేవొద్దని చెప్పు."

 ఇన్నేళ్ల ఉద్యోగంలో నాలుగు వందల మంది చూస్తుండగా క్వెరీ రాయడం అదే మొదలు, అదే చివర. ఈసారి ప్రశ్న తిరగేశాను. తోట ఉంది, బోరు ఉంది, కానీ తన నంబరు మీద వంతు మాత్రం కనబడని వాళ్లు ఎవరు? జత దొరకని వరుసలను పారేయకుండా పట్టుకునే జాయిన్ వేరే ఉంటుంది. అది మొదటే వేయాల్సింది. వేశాను. పదకొండు పేర్లు వచ్చాయి. వాళ్లలో బోరు లేనివాళ్లు ఒక్కరూ లేరు. తొమ్మిది ఆడపేర్లు.

వెనకామె వరుస తెరిచాను. బేస్తవారం, ఐతవారం వంతులు ఉన్నాయి. కానీ వాటి పక్కనున్న రైతు నంబరు ఆమెది కాదు, చనిపోయిన భర్తది. ఆయన పోయాక సంఘంలో ఆయన నంబరు మూసేసి ఆమెకు కొత్త నంబరు ఇచ్చారు. తోట ఆమె నంబరుకు మారింది. వంతు మారలేదు.

సర్వే అమ్మాయిని దగ్గరికి పిలిచి తెర చూపించాను. ఆమె ముఖం తెల్లబోయింది.

"ఊర్లె గట్లనే అన్నరు మేడం," అంది చిన్నగా. "బేస్తారం చిన్నోని వంతు, చిన్నోని వంతు అని అందరు అన్నరు. అందుకని ఆయన నంబరే ఏసిన." మళ్లీ అందరి ముందు తిట్లు తప్పవని ఆమె రిజిస్టరు గుండెలకు హత్తుకుంది.

నేను మైకు తీసుకున్నాను.

"జాబితాల పదకొండు మంది తప్పిపోయిన్రు. ఆ తప్పు నాది. ఈ అమ్మాయి ఊర్లె విన్నది విన్నట్టు రాసింది. నేనే సరిగ్గ చూడలే. పది దినాల కింద ఈమెను నలుగురి ముందట అనరాని మాటలన్న. అప్పుడు గుడ తప్పు నాదే ఉండె. అది తెలిసి గుడ నోరు మూసుకున్న. ఇప్పుడు అందరి ముందట చెప్తున్న."

తర్వాత ఆ పదకొండు పేర్లూ చదివాను. ప్రతి పేరు చదివి, "ఈ వంతుకు మోటరు ఎవరు ఏస్తున్నరు?" అని అడిగాను. హాల్లో ఆ ఊరివాళ్లు ఉన్నారు కాబట్టి జవాబులు అక్కడికక్కడే వచ్చాయి. అత్త పేరు మీద ఉన్న వంతు కోడలిది. తండ్రి పేరు మీద ఉన్నది బిడ్డది. సర్వే అమ్మాయి ఒక్కొక్కటే దిద్దుతూ పోయింది. చివరికి వెనకామె పేరు మిగిలింది. దాన్ని కావాలనే చివరికి ఉంచాను.

"పటేలా," అన్నాను. "మీ బోరు మీద బేస్తవారం వంతు ఎవరిది?"

"చెప్పిన గద మేడం. మా తమ్మునిది."

"తమ్ముడు వచ్చి మోటరు ఏస్తున్నడా?"

కటువైన మాటే.  మేనేజరు కళ్లు మూసుకున్నాడు. నేను వెనక్కి తగ్గలేదు. ఆయన నోటితోనే ఆ జవాబు రావాలి, నేను రాసుకుంటే చాలదు. రేపు తోట దగ్గర అక్కరకొచ్చేది నా టేబుల్ కాదు, నాలుగు వందల మంది విన్న మాట.

డైరెక్టరు ఏదో అనబోయేలోపు వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది.

"నాలుగేండ్ల సంది నేనే ఏస్తున్న బావా. నీకు ఎరుకనే గద."

ఆయన తల తిప్పి ఆమె వంక చూశాడు.  ఓట్లడిగిన మనిషి, ముందూ వెనకా ఎవరు కూర్చున్నారో తెలుసు. కానీ ఆ క్షణంలో ఆయన లెక్కలు వేసుకున్నాడని నేననుకోను. తమ్ముడు గుర్తొచ్చి ఉంటాడు.

"మా మరదలిది," అన్నాడు. "బేస్తారం, ఐతారం ఆమెవే. రాయుండ్రి."

కూర్చోబోయి మళ్లీ నిలబడ్డాడు. "సెట్టు గుడ ఆమె పేరు మీదనే రాయుండ్రి. నా దాంతోటి కలపొద్దు."

రాశాం. పదకొండు వరుసలు చేరాక కొత్త కాగితం అచ్చు తీయడానికి కింద జిరాక్స్ దుకాణానికి పరుగెత్తింది సర్వే అమ్మాయే. కంపెనీ వాళ్లు ఇంకో టీ తాగి ఓపిక పట్టారు. సంతకం పెట్టేముందు ఆమె స్టేజీ దగ్గరికి వచ్చింది.

"నా పేరు మీదనే రాసిన్రా, ఆయిన పేరు మీదనా?"

"నీ పేరు మీదనే."

"ఒకసారి సదువు అక్కా."

మేడం పోయి అక్క వచ్చింది. చదివాను. పేరు, గుంటలు, బోరు నంబరు, వారానికి రెండు రోజులు. "ఆఁ," అని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? అది ఆమె వంతు.

ఎండలు ముదరక ముందే సెట్లు వచ్చాయి. జూన్ దాకా ఆ తోటలో కొత్తగా ఒక్క చెట్టు కూడా ఎండలేదు. పాత మోళ్లు పీకి కొత్త అంట్లు పెట్టింది. తోట ఇప్పటికీ ఆమే చేస్తోంది.

నా సంగతి కూడా చెప్పాలి. మీటింగులో పెద్దలను నిలదీసినందుకు మేనేజరుకు పైనుంచి అక్షింతలు పడ్డాయి, నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించాలనుకున్నవాళ్లు మనసు మార్చుకున్నారు. వెళ్లేరోజు శాలువా కప్పలేదు. నడి ఎండాకాలం, శాలువాతో నాకేం పని? టేబుళ్లన్నీ ఎక్కడ ఏముందో ఒక నోట్‌బుక్కులో రాసి సర్వే అమ్మాయి చేతిలో పెట్టాను. నా కుర్చీ ఆమెకే ఇవ్వాలని రాతపూర్వకంగా అడిగాను. ఆ ఒక్కటి మాత్రం మేనేజరు ఎవరినీ అడగకుండా చేశాడు.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఒక్కటే. వరుసలు ఎక్కువొస్తే అందరూ అరుస్తారు, తగ్గితే ఎవరూ అరవరు. తప్పిపోయినవాళ్లకు మీ ఆఫీసు ఫోను నంబరు తెలియదు. కాబట్టి తగ్గినప్పుడు అరవాల్సింది మీరే. ఈ చుట్టుపక్కలే, చందనవెల్లిలో పెద్ద పెద్ద డేటా సెంటర్లు కట్టారు, మీలో కొందరు అక్కడ చేరతారు. ఆ యంత్రాలకు ఎంత తెలివున్నా బుధవారం బోరుకు సెలవని వాటికి ఎవరో ఒకరు వెళ్లి కనుక్కుని చెప్పాలి. పైనున్నవాళ్లు ఎక్కువున్నవి తీసేయమంటారు. తీసేసే ముందు అవి ఎవరో అడగండి. అడిగితే పోయే ఉద్యోగమైతే పోనివ్వండి, నేను పోగొట్టుకుని బాగానే ఉన్నాను.

మొన్న పొద్దున సర్వే అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఆఫీసులో అందరూ ఆమెను మేడం అంటున్నారు.

"మేడం, కొత్త జాబితాల ఒక పేరు రెండుసార్లు వస్తున్నది. మేనేజర్ సారు తీసెయ్యమంటున్నడు."

"మరి ఏం చేసినవ్?"

అవతల స్కూటీ స్టార్టయిన చప్పుడు వినబడింది.

"వాళ్ల ఊరికే పోతున్న మేడం. అడిగొచ్చినంక ఫోన్ చేస్త."